ఏడో శనివారం, రెండో చుక్క

గోడ మీది గడియారంలో పదీ పది. ఇంకా సరిగ్గా గంట. యుగంధర్ ఎడమచేతి ఉంగరపు వేలి కొసన అంటించిన దూదిని బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. నొప్పి లేదు. పొద్దున ఎనిమిదిన్నరకు ఉమారాణి ఆ వేలిని గుచ్చినప్పుడు కూడా లేదు. వేలి నడిమిన గుచ్చితే రోజంతా సలుపుతుంది, పక్కగా గుచ్చాలి, గుచ్చేముందు చెయ్యి కిందికి వేలాడనిచ్చి నెత్తురు దిగనివ్వాలి అని ఆమె ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి ఎన్నిసార్లు వల్లె వేసిందో, ఆ వల్లె అంతా ఇవాళ చేతిలోకి దిగింది. పరీక్ష చేసే మేడమ్ పక్కనే నిలబడి చూస్తున్నా ఆ చెయ్యి వణకలేదు. తన భార్య చెయ్యి, పదిహేడేళ్ళుగా తనకు అన్నం వడ్డిస్తున్న చెయ్యి. ఒక ఎర్రటి చుక్క పూసలా నిలబడింది, ఆమె దాన్ని చిన్న మిషను అంచుకు తాకించింది, మిషను కాసేపు ఆలోచించుకుని తొంభై నాలుగు అని చూపించింది, ఆమె తొంభై నాలుగు అని రాసింది. అది పరగడుపు చుక్క. తరవాత తిండి. తిన్న రెండు గంటలకు ఇంకో చుక్క. రెండు చుక్కలూ, రెండు అంకెలూ, వాటి మధ్య తేడా, అదీ ఇవాళ్టి పరీక్ష. ఇంటి నుంచి ఒక్కో మనిషిని వెంటబెట్టుకు రమ్మని కాలేజీవాళ్ళు ముందే చెప్పారు. పదహారు మంది విద్యార్థులకు పదహారు మంది మనుషులు జేబులకు నంబరు చీటీలు గుచ్చుకుని వరండా బెంచీల మీద కూర్చున్నారు. అందరికీ ఒకే కొలత ఉండాలని కాలేజీవాళ్ళే కింద బండి నుంచి పోహా పొట్లాలు తెప్పించారు, తాలింపు పెట్టిన అటుకులూ ఉల్లిపాయలూ పైన కాస్త సేవూ, అదే సన్న కారప్పూస. అందరూ తిన్నారు. పదకొండో నంబరు చీటీ గుచ్చుకున్న యుగంధర్ మాత్రం తినలేదు.

తినలేదు, ఎందుకంటే ఇవాళ ఏడో శనివారం. ఈ హిందీ ఊళ్ళో రైల్వే వ్యాగను వర్క్‌షాపు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న వెంకన్న గుడిలో నిలబడి, ఉమారాణి ఈ పరీక్ష నెగ్గితే చాలు స్వామీ, ఏడు శనివారాలు సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టను అని మొక్కుకున్నాడు. ఆరు గడిచాయి. పొద్దున్నే టిఫిను డబ్బాలో పెట్టించుకోవడం, వర్క్‌షాపులో ఎవరికో ఇచ్చెయ్యడం, సాయంత్రం ఇంటికి పోతూ గుడిలో దీపం పెట్టి అరటిపండు తినడం. ఉమారాణికి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది, ‘ఏటండీ, మీరు పస్తుంటే నాకు మార్కులొస్తాయా’ అంటుంది. ఏడో శనివారం నాడే ప్రాక్టికల్ అని ఆమె వచ్చి చెప్పినప్పుడు అతని ఒళ్ళు జలదరించింది, స్వామి లెక్క ఇంత కచ్చితంగా ఉంటుందా అనుకున్నాడు, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. పరీక్ష అంటే గుచ్చడమేగా అనుకున్నాడు. చెయ్యి వణక్కపోతే చాలు అనుకున్నాడు. నెత్తురు లోపల ఏముందో దానితో పరీక్షకు పని ఉంటుందన్న సంగతి, ఏడాదిగా ఆ పాఠాలన్నీ వింటూ కూడా, ఎందుకు తట్టలేదో అతనికి ఇప్పుడు ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. పోహా పొట్లాలు పంచాక పావుగంటకు ఆమె తెల్లకోటు వేసుకుని, అట్టకు క్లిప్పు పెట్టిన ఫారం పట్టుకుని వరస వెంట వచ్చింది. ‘భయ్యా, పోహా పూరా ఖాయా?’ అని అడిగింది. అతను తల ఊపాడు. ఆమె తొమ్మిదీ పది అని టైము రాసుకుని వెళ్ళిపోయింది.

భయ్యా! పరీక్ష హాల్లోకి వచ్చాక మొగుడూ లేదు, అమ్మా లేదు, తాతా లేదు, అందరూ పేషెంట్లే అని మేడమ్ కట్టడి చేసింది. మగవాళ్ళను భయ్యా అనో దాదా అనో పిలవాలి, పేరు అడగాలి, వయసు అడగాలి, తెలిసినా అడగాలి. పొద్దున ఉమారాణి అతని ఎదుట కుర్చీలో కూర్చుని నోరు తెరిచి మూసి మళ్ళీ తెరిచి ‘భయ్యా, ఆప్ కా నామ్?’ అంది. వెనక బల్లల దగ్గర అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. అతని చెవులు వేడెక్కాయి. చెంపలు వాయించాలనిపించింది, తనవి కాదు, ఎవరివని అడిగితే తెలియదు. కానీ ఆమె నవ్వలేదు. రెండోసారి ఆ మాట అన్నప్పుడు అందులో సిగ్గు లేదు, ఆట లేదు. రేపు ఏ ముసలాయనో, ఏ లారీ డ్రైవరో ఆమె ఎదుట కూర్చుంటే ఆ మాట ఇలాగే ఉంటుందన్నమాట. తన భార్య బయటి మనుషులకు ఎలా ఉంటుందో చూసే అదృష్టం ఎంతమంది మగవాళ్ళకు వస్తుంది? అతనికి వచ్చింది. ఆ కాసేపూ అతను నిజంగా పరాయివాడై, ఎవరీ అమ్మాయి ఇంత నెమ్మదిగా మాట్లాడుతోంది, ఈమె చేతికి చెయ్యి ఇస్తే భయం లేదు అనుకున్నాడు.

‘ఏమయ్యా యుగంధరూ, కళ్ళు తిరుగుతున్నాయా?’ అన్నాడు పక్కనే కూర్చున్న అబ్రహాం. రైలు గార్డు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, కాలనీలో చర్చి పక్క వీధి. ఆయన మనవరాలు ఏంజెల్ ఉమారాణి బ్యాచే, వయసులో మాత్రం సగం. పదో నంబరు చీటీ ఆయన చొక్కాకు వేలాడుతోంది. యుగంధర్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని దిక్కులు చూస్తుంటే ‘తినవేంటి’ అని అడిగి, సంగతి విని, ‘ఉపాసాలు మాకూ ఉంటాయిలే నాయనా, శ్రమకాలం నలభై రోజులు. తిండి మాత్రం పారెయ్యకూడదు, పాపం’ అని ఆ పొట్లం కూడా తీసుకుని నిమ్మళంగా తిని చేతులు కడుక్కొచ్చింది ఈయనే.

‘లేదు బాబాయ్, బానే ఉంది’ అన్నాడు యుగంధర్.

‘ఉంటుందిలే. గుచ్చడం అయిపోయింది, ఇంకేముంది. మా ఏంజెల్ ఒకటే గోల. పోయినేడు ఒక పిల్లకి రెండో నంబరు కూడా మొదటి నంబరు లాగే వచ్చిందంట. తింటే పెరగాలిగా మరి. పెరగలా. నువ్వు రెండోసారి గుచ్చకుండానే రాశావు అని మేడమ్ ఆ పిల్లని ఫెయిల్ చేసిందంట. సాల్ భర్ పోయింది పాపం.’

ఆయన ఆ మాట అని, కండువాతో మీసం తుడుచుకుని, కిందికి చూస్తూ కూర్చున్నాడు. కింద పండరీ బట్టల బజారులో మూటలు దించుతున్నారు, గోనెపట్టా కుట్టిన పెద్ద పెద్ద మూటలు, అవి నేల మీద పడినప్పుడల్లా దబ్బున ఒక శబ్దం. యుగంధర్‌కు ఆ శబ్దం తన కడుపులో నుంచే వస్తున్నట్టుంది. పెరగాలిగా మరి. పెరగదు. నిన్న రాత్రి నుంచి నీళ్ళు తప్ప ఏమీ పడని కడుపు, ఎక్కణ్ణించి పెరుగుతుంది? తొంభై నాలుగు తొంభైగానో ఇంకా కిందికో దిగుతుంది. ఆమె గుచ్చుతుంది, చుక్క తీస్తుంది, మిషను చూపించిందే రాస్తుంది. ఆమె మరొకటి రాయదు, అది అతనికి తెలుసు. రాసిన అంకె పక్కన తొమ్మిదీ పదికి పోహా పూర్తిగా తిన్నాడు అని ఆమె చేత్తోనే రాసి ఉంటుంది. మేడమ్ కళ్ళజోడు పైకి తోసి ఆ రెండు అంకెలనూ చూస్తుంది. ఒక ఏడాది. మళ్ళీ ఒక ఏడాది పొద్దున నాలుగింటికి లేవడం, అన్నం కూర వండి, మాలతిని బడికి తోలి, స్కూటరు వెనక కూర్చుని దేవేంద్ర నగర్ మీదుగా ఇక్కడికి రావడం, ముప్పయ్యారేళ్ళ మనిషి పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చోవడం. ఎవరివల్ల? ఆమె నెగ్గాలని పస్తున్న మనిషి వల్ల.

గేజీ. అతనికి వర్క్‌షాపులో గేజీ గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే, రిపేరైన వ్యాగను బ్రేకు పైపులోకి గాలి పంపి, వాల్వు కట్టేసి, గేజీలో ముల్లు ఎంత సేపు ఎంత దిగుతోందో చూసి రాయడం. ఎక్కువ దిగితే ఎక్కడో గాలి పోతున్నట్టు. ఆ వ్యాగను బయటికి పోకూడదు. ఒకసారి నెలాఖరున సెక్షను పెద్ద వచ్చి, యుగంధర్, ముల్లు కొంచెమే కదా, రాసెయ్, వ్యాగన్లు బయటికి పోవాలి అన్నాడు. అతను రాయలేదు. ‘సార్, ముల్లు ఎంత అంటే అంతే’ అన్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే ఉమారాణి ఆ రోజు కూరలో ఒక ముక్క ఎక్కువ వేసింది. తరవాత ఆమె బీపీ చూడటం నేర్చుకునే రోజుల్లో, రోజూ అతని చేతికి పట్టీ కట్టి చూస్తున్నప్పుడు, ఒక ఆదివారం నూట నలభై ఎనిమిది వచ్చింది. ‘మాలతితో పోట్లాడాను కదా, అందుకే, నూట ఇరవై అని రాసుకోవే, నోటుబుక్కే కదా’ అన్నాడు నవ్వుతూ. ఆమె స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి అతని వంక చూసింది. ‘గేజీలో ఎంతుంటే అంతే అంటారు కదా మీరు. నాకూ అంతే’ అంది. అంది గనక అతను ఆ రాత్రి గర్వంతో నిద్రపోలేకపోయాడు. ఇవాళ ఆ గేజీని తప్పు చూపించేలా చేసింది తను. ముల్లు నిజమే చెబుతుంది, పైపులో గాలి నింపామని చెప్పి నింపకపోతే ముల్లు తప్పా?

వేలి మీది దూది ఊడిపోయింది. కింద ఒక చిన్న ఎర్రటి చుక్క ఎండి ఉంది, ఆవగింజంత. ఆవగింజంత దానిలో మనిషి ఏం తిన్నాడో ఎప్పుడు తిన్నాడో ఉంటుందా. ఉంటుందనే కదా ఆమె చదివింది. అమ్మకు ఆనాడు ఈ చుక్క చూసినవాళ్ళు లేరు. అతని తల్లి నాంచారమ్మకు చక్కెర జబ్బు. దసరా తొమ్మిది రోజులూ ఉపవాసం ఉండేది, జబ్బు మందు మాత్రం మానేది కాదు, డాక్టరు వేసుకోమన్నాడు గనక ఖాళీ కడుపున వేసుకునేది. ఆ తొమ్మిదో రోజు పూజ దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఊగడం మొదలుపెట్టింది. కళ్ళు నిలబడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది, ఒళ్ళంతా చెమట. అమ్మోరు పూనింది అన్నారు ఎవరో. క్వార్టరు నిండా జనం. యుగంధర్ హారతి పళ్ళెం పట్టుకుని, కర్పూరం వెలిగించి, తల్లీ ఏం కావాలి, ఏం కావాలో చెప్పు అని అడుగుతున్నాడు. అప్పటికి పెళ్ళై నాలుగేళ్ళయిన ఉమారాణి వంటింట్లోంచి వచ్చి జనాన్ని తోసుకుని అత్తగారి మెడ మీద చెయ్యి వేసింది. ‘ఈ చెమట సల్లగా ఉందండీ’ అంది. అంతే. నైవేద్యం పళ్ళెంలో పంచదార తీసి ఆవిడ బుగ్గ లోపల రుద్దింది. మళ్ళీ తీసి మళ్ళీ రుద్దింది. ఎంగిలి చెయ్యి, నైవేద్యం, ఆడవాళ్ళు హాహాకారాలు. పావుగంటకు నాంచారమ్మ కళ్ళు తిప్పి అందరినీ చూసి ‘ఏటిరా ఇందరున్నారు, కాఫీ పెట్టినారా’ అంది.

అమ్మోరికి కోపమొచ్చి ఎల్లిపోయింది అని కొందరు చాలా రోజులు అన్నారు. ఉమారాణి వాళ్ళతో వాదించలేదు. కానీ ఆ రోజు నుంచి ఒకటే అడిగేది. ఏమైంది అత్తమ్మకి? ఆసుపత్రిలో కాంపౌండరు షుగర్ డౌన్ అన్నాడు. డౌన్ ఎందుకైంది? తిండి లేక. తిండి లేకపోతే అందరికీ అవాలి కదా, మీకూ నాకూ ఎందుకు అవదు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఆమెకు పన్నెండేళ్ళు దొరకలేదు. అత్తగారు పోయారు, మాలతి పెద్దదైంది, ఓపెన్ స్కూలులో పన్నెండో క్లాసు కట్టి పాసైంది, పండరీలో కమ్యూనిటీ కాలేజీ అని ఉంది, వయసు అడగరు, ఏడాదిలో హెల్త్ సైన్సు డిప్లొమా ఇస్తారు అని ఏంజెల్ చెప్పింది. ‘ఎల్తాను’ అంది. వెళ్ళనా అని అడగలేదు, ఎల్తాను అంది. మూడో నెలలో ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చినంత పని చేసి ‘దొరికిందండీ’ అంది. ఏమిటి దొరికింది అంటే, ఆ మందు మనిషి తిన్నాడా లేదా అని చూడదు, దాని పని అది చేసుకుపోతుంది, తిన్నది లేకపోతే ఉన్న కాస్త చక్కెరనూ దించేస్తుంది, మెదడుకు అందదు, అందుకే ఊగడం, అందుకే చల్లటి చెమట అని గబగబా చెప్పి, కూర్చుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పన్నెండేళ్ళ కిందటి చెమట. హారతి పళ్ళెం పట్టుకున్న తన చేతుల వంక అతను ఆ సాయంత్రం చాలాసేపు చూసుకున్నాడు. అమ్మవారు రాలేదని మాత్రం అతను ఇప్పటికీ అనడు. వచ్చే ఉంటుంది. వచ్చింది అమ్మ మీదికేనా అన్నదే అతనికి తేలలేదు.

ఇది తెలిసి కూడా ఇవాళ ఎందుకు తినలేదు? స్వామిని అడిగితే బాగుండును. స్వామీ, నేను నీకిచ్చింది ఆకలి ఒక్కటేనా, అబద్ధం కూడా కలిపి ఇచ్చానా? ఆమె అడిగినప్పుడు తల ఊపాను కదా, అది నీ ఖాతాలో పడిందా నా ఖాతాలోనా? మొక్కు తప్పితే కోపగిస్తావని చిన్నప్పటి నుంచీ విన్నాను, ఎవరికోసం మొక్కానో ఆ మనిషిని ముంచితే నీకు కోపం రాదా? ఇలా అడగడం తప్పేమోనని లెంపలు వేసుకోబోయి, పక్కన జనం ఉన్నారని ఆగాడు. స్వామి చాలా ఏళ్ళుగా తెలిసినవాడు. అడిగితే కసురుకునేవాడు కాదు.

పది ముప్పావు. కింద పోహా బండివాడు జిలేబీ మొదలుపెట్టాడు, నెయ్యి కాదు నూనే, అయినా ఆ పాకం వాసన మెట్లెక్కి వచ్చి వరండా అంతా పరుచుకుంది. యుగంధర్‌కు నోట్లో నీళ్ళూరాయి, కళ్ళ ముందు వెలుగు ఒకసారి పల్చబడి మళ్ళీ చిక్కబడింది. అతని మొహం చూసి అబ్రహాంకు ఏదో అర్థమైంది. ఒళ్ళు కొంచెం ముందుకు వంచి, చీటీ చూసి, గడియారం చూసి, నోరు తెరిచాడు.

‘ఓరి నాయనో. నువ్వు తిన్లేదుగా! ఆ పొట్లం నేను మింగాగా! నీ నంబరు పెరగదు, నా నంబరు ఆకాశానికి పోద్ది. ఏంజెల్ నన్ను చంపుద్దయ్యో.’

‘బాబాయ్, మెల్లగా.’

‘మెల్లగా ఏంటి? విను, కిందికి పోయి రెండు జిలేబీలు నోట్లో వేసుకురా. ఇరవై నిముషాల్లో చక్కెర ఎక్కుద్ది. ఎంత కావాలో అంత. ఎవడికి తెలుస్తుంది?’

ఎవరికీ తెలియదు. అదే నిజం. ఇరవై మెట్లు, రెండు జిలేబీలు, నోరు కడుక్కుని వచ్చి కూర్చుంటే ముల్లు పైకి లేస్తుంది, నూట ముప్పయ్యో నలభయ్యో, మేడమ్ తల ఊపుతుంది, ఉమారాణి నెగ్గుతుంది. మొక్కు ఎలాగూ పోతుంది, దాంతోపాటు ఇంకొకటి కూడా పోతుంది. వాల్వు దగ్గర వేలు పెట్టి ముల్లును నిలబెట్టేవాళ్ళు వర్క్‌షాపులో ఉన్నారు, అతను చూశాడు, వాళ్ళు చెడ్డవాళ్ళు కూడా కాదు, ఇంటికి తొందరగా పోవాలనుకునేవాళ్ళు. అతను బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ‘వద్దు బాబాయ్. ఆ అంకె కింద ఆమె సంతకం ఉంటది’ అన్నాడు. అబ్రహాం అతని మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఈ ఏడాదిలో ఆమె తన చెయ్యి పట్టుకున్నన్నిసార్లు అంతకు ముందు పదహారేళ్ళలో పట్టుకుందా? టీవీ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుని, మోచేతి మడతలో నరం ఎక్కడుందో కళ్ళు మూసుకుని వేలికొసతో వెతికేది. సూది లేదు, వేలే సూది. ‘ఇదిగో, ఇక్కడ, పట్టుకుంటే జారిపోతోంది, మీ నరం కూడా మీలాగే, చుప్ చాప్ తప్పించుకుంటది’ అని నవ్వేది. నాడి పట్టుకుని అర నిముషం చూసేది, ఆ అర నిముషం ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుండేది. పాఠాలు హిందీలో చదివి తెలుగులో అతనికి చెప్పేది, చెబితేనే తలలో నిలుస్తాయని. అన్ని పాఠాల్లోనూ అతనికి బాగా గుర్తున్నది ఒకటి. మనిషి మీతో అబద్ధం చెబితే ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి, మీరు అడిగిన తీరులో అతనికి ఎక్కడో భయం కనిపించి ఉంటుంది, అందుకని తిండి సంగతి, తాగుడు సంగతి రెండుసార్లు అడగాలి, రెండోసారి మొదటిసారికన్నా మెల్లగా అడగాలి. ఇది మేడమ్ చెప్పింది. ఉమారాణి నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది. మాలతిని హోంవర్కు చేశావా అని అప్పటి నుంచి రెండుసార్లే అడుగుతోంది, మాలతి రెండోసారికి దొరికిపోతోంది.

రెండోసారి అడుగుతుంది. అతనికి ఇప్పుడు అది తప్ప ఇంకేమీ వినపడటం లేదు. అడుగుతుంది. అడక్కుండా గుచ్చదు.

పదకొండు దాటి పది. పదో నంబరును పిలిచారు. అబ్రహాం లేచి ‘ప్రభువా’ అనుకుంటూ లోపలికి వెళ్ళాడు. తలుపు సందులోంచి ఏంజెల్ గొంతు, మొదట హిందీలో మర్యాదగా, ఆ తరవాత ఒక్క మాట తెలుగులో, ‘తాతా! రెండు పొట్లాలా?’ అని, వెంటనే మళ్ళీ మర్యాదగా హిందీలో. పదకొండో నంబరును పిలిచారు.

హాల్లో ఫినాయిలు వాసన. ఉమారాణి బల్ల మీద తెల్లగుడ్డ, దూది, మిషను, సూదులు పడేసే పసుపు డబ్బా. ఆమె చేతులు కడుక్కుని, ఆరనిచ్చి, తొడుగులు వేసుకుంది. మేడమ్ వచ్చి ఆమె భుజం వెనక నిలబడింది, నెరిసిన జుట్టు, చేతిలో పెన్ను. ఉమారాణి అతని చెయ్యి తీసుకుని కిందికి వేలాడనిచ్చింది. సూది మూత తీసింది. తీసి, ఆగి, అతని మొహంలోకి చూసింది. నిజంగానే మొదటిసారికన్నా మెల్లగా, పక్క బల్లకు కూడా వినపడనంత మెల్లగా అడిగింది.

‘భయ్యా, ఆప్ నే ఖాయా థా న?’

‘తినలేదు’ అన్నాడు యుగంధర్.

తెలుగులో అన్నాడు. ఎందుకు తెలుగులో అన్నాడో అతనికి తెలియదు, ఆ మాట ఆ భాషలోనే వచ్చింది. మేడమ్‌కు తెలుగు రాదు. ఆమె పెన్ను ఫారం మీద ఎదురుచూస్తూనే ఉంది. ఆ నిముషాన ఆ మాట ఇద్దరి మధ్యే ఉంది. ఉమారాణి కావాలంటే తల ఊపి, గుచ్చి, వచ్చింది రాసి, ఏమో మేడమ్, తిన్నానన్నాడు, పెరగలేదు, నాకేం తెలుసు అనొచ్చు. తప్పు రోగిది అవుతుంది. ఆమెది కాదు. అతను అలా అయినా బాగుండుననుకున్నాడు. ఆమె కళ్ళల్లో ఒక క్షణం భార్య కనిపించింది, బాగా కోపంగా. ఆ వెంటనే భార్య వెళ్ళిపోయింది. ఆమె సూదికి మూత పెట్టింది.

‘మేడమ్, పేషెంట్ నే ఖాయా నహీ హై’ అంది. ‘మై దూస్రా శాంపిల్ నహీ లూంగీ.’

మేడమ్ ఫారంలో రెండో అంకె రాయాల్సిన గడిని పెన్నుతో తట్టింది. ‘సబ్ కా హో రహా హై. తుమ్హారా ఖానా ఖాలీ రహ్ జాయేగా’ అంది మేడమ్.

‘ఖాలీ రహేగా మేడమ్’ అంది ఉమారాణి. తొమ్మిదీ పది అని రాసినదాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన పేషెంట్ తినలేదు అని రాసి, సంతకం పెట్టింది.

మేడమ్ అతని వైపు తిరిగి ఎందుకు తినలేదని అడిగింది. శనివారం వ్రతం మేడమ్, ఏడో శనివారం అన్నాడు. ఎవరికోసం అని అడిగింది. అతను చూపుడు వేలు ఎత్తబోయి, భయ్యా గుర్తొచ్చి, గడ్డంతో చూపించాడు. ‘యే పాస్ హో జాయే, ఇసీ లియే’ అన్నాడు. మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. ఎవరో నవ్వారు, ఆగిపోయారు. ‘అచ్ఛా ఉమారాణీ’ అంది మేడమ్ హిందీలోనే, ‘ఇప్పుడు ఈ పేషెంటుకు ఏం చెబుతావో చెప్పు. నీ భాషలోనే చెప్పు, మొహం చూసి నాకు తెలుస్తుంది.’

ఉమారాణి తొడుగులు విప్పి పక్కన పెట్టింది. అతను తిట్లకు తయారయ్యాడు. ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

‘మీ మొక్కు మీది’ అంది. ‘తినమని నాను అనను. అత్తమ్మ ఉపాసం ఉన్నా నానెప్పుడూ వద్దనలేదు, మీకు తెలుసు. తిన్నారా లేదా, అది మాత్రం నిజం సెప్పండి. అది సెప్పకపోతే నా చేతిలో ఉన్నదేటీ పని చెయ్యదు. ఇప్పుడు తింటానంటే నాను రెండు గంటలు కూకుంటాను. తిననంటే ఖాళీ అనే ఉంటది, పర్వాలేదు. కళ్ళు తిరిగితే సెప్పాల, అదొక్కటీ ఒప్పుకోను.’

యుగంధర్‌కు తిట్లేవీ పడలేదు. గుడిలో స్వామి ఎదుట నిలబడినప్పుడు కూడా ఎవరూ తనతో ఇంత మర్యాదగా మాట్లాడలేదు. ఆరు శనివారాలు పోతే పోయాయి. మళ్ళీ మొదటి శనివారం నుంచి పెట్టుకోవచ్చు, ఈసారి ఆమెకు చెప్పి పెట్టుకోవచ్చు, ఈసారి ఏమీ అడక్కుండా కూడా పెట్టుకోవచ్చు. స్వామీ, చూశావు కదా.

‘పొట్లం తెప్పించండి’ అన్నాడు. ‘పోహా. ఖావూంగా మేడమ్.’

మేడమ్ గడియారం చూసుకుంది. ఆమె రెండింటిదాకా ఇక్కడే ఉంటానంది, తన టిఫిను ఇంకా విప్పలేదంది. పాసో ఫెయిలో అనలేదు. పోహా చల్లారిపోయింది, సేవు మెత్తబడింది. వరండాలో తన పాత బెంచీ మీద, తన పాత చోటులో కూర్చుని అతను తిన్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కళ్ళు మూసుకుని ఒక క్షణం ఆగాడు, ఏ ఉరుమూ ఉరమలేదు, కింద మూట ఒకటి దబ్బున పడింది. అబ్రహాం పక్కనే, రెండు వందల పన్నెండు తెచ్చుకున్న పెద్దమనిషి, మనవరాలు రెండు పొట్లాలు అని ఫారంలో రాసిపారేసిందని వాపోతూ, ‘ఇది కూడా నేనే తిని పెట్టనా’ అన్నాడు. యుగంధర్ పొట్లాన్ని ఆయనకు అందకుండా రెండో పక్కకు తిప్పుకున్నాడు. అడుగున మిగిలిన ఒక్క వేరుశనగ గింజను కూడా వేలితో తీసుకున్నాడు.

ఉమారాణి తెల్లకోటుతో, అట్టతో, వచ్చి ఎదురుగా నిలబడింది.

‘భయ్యా, పూరా ఖాయా?’

‘పూరా’ అన్నాడు యుగంధర్, ఆమె కళ్ళల్లోకి చూసి.

ఆమె చెయ్యి చాచింది. అతని చేతిలోని కాగితప్పొట్లం తీసుకుని, విప్పి, లోపలికి తొంగి చూసింది. బెంచీ కింద కూడా చూసింది. అబ్రహాం మూతి వంక చూసింది. ఆ తరవాతే టైము రాసుకుంది.